కొత్త బ్యాటరీ బిల్లు పెట్టే ముందు

(వేంపల్లెలో పాల సంఘాల కార్యదర్శులకు, పాలరూటు వాహనాల డ్రైవర్లకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)

డ్రైవరు సోదరులు ముందుకు వచ్చి కూర్చోవలసినదిగా కోరుతున్నాను. ఈ రోజు చెప్పబోయేది ముఖ్యంగా వారి పనిని గురించి.

నన్ను ఆడిటును గురించి, రికార్డులను గురించి మాట్లాడమని పిలుస్తుంటారు. వాహనం బ్యాటరీని గురించి మాట్లాడమని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. నేనే అడిగి ఈ గంట తీసుకున్నాను. సహకార శాఖలోకి రాకముందు నేను పాలిటెక్నిక్కులో మెకానికల్ డిప్లమా చదివినాను. ఆ చదువు చాలా ఏండ్లు ఫైళ్ళ కింద పడి వుండింది. ఒక తప్పు చేసిన తరువాతనే దాన్ని మళ్ళీ బయటికి తీయవలసి వచ్చింది. ఆ తప్పు సంగతి కూడా ఈ రోజు మీ ముందు చెప్పుకుంటాను.

మన వైపు మే నెలలో ఎండ ఎట్లా వుంటుందో మీకు చెప్పనక్కరలేదు. గండి దగ్గర పాపాఘ్ని ఇసుకలో పది గంటలకే కాలు పెట్టలేము. క్యాన్లలో పోసిన పాలు బల్కు కూలరు చేరి 4 డిగ్రీలకు దిగేవరకు చెడుతూనే వుంటాయి. నాలుగో వూరిలో సెల్ఫు తిరగక వాహనం గంటన్నర నిలిచిందంటే, మొదటి వూరిలో ఎక్కించిన క్యాన్లు సి.ఓ.బి. పరీక్షలో పోతాయి. ఆ నష్టం చివరికి ఎవరి మీద పడుతుంది? ఒకటి రెండు ఎనుములు పెట్టుకుని, మేత కొని పాలు పోసే ఆడవాళ్ళ మీద.

వాహనం అట్లా నిలిచిన ప్రతిసారీ మన సంఘాలు చేసే పని ఒకటే. కొత్త బ్యాటరీ కొంటాయి. తీర్మానంలో “సెల్ఫు తిరగనందున బ్యాటరీ మార్చడమైనది” అని వుంటుంది. ఎందుకు తిరగలేదో ఎక్కడా వుండదు. పాలను కంటితో చూసి వెన్న శాతం ఇంత అని మనం ధర కడతామా? లాక్టోమీటరు వేస్తాం, ఫ్యాటు చూస్తాం, ఆ తరువాతే పుస్తకంలో రాస్తాం. వేల రూపాయల బ్యాటరీ విషయంలో మాత్రం సెల్ఫు శబ్దం విని తీర్పు చెబుతున్నాం.

మొదట ఏర్పాటు ఎట్లా వుంటుందో రెండు మాటల్లో చెబుతాను. బ్యాటరీ మిద్దె మీది నీళ్ళ తొట్టి వంటిది. ఆల్టర్నేటరు దాన్ని నింపే బోరు మోటారు. మన వూళ్ళలో ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు, ఫరవాలేదు. దాన్ని ఇంజను బెల్టు తిప్పుతుంది. తొట్టి పొంగకుండా చూసేది రెగ్యులేటరు. మధ్యలో వుండే వైర్లు పైపులు. పొద్దున తొట్టి ఖాళీగా వుందంటే కారణం మూడింటిలో ఒకటి: తొట్టికే చిల్లి పడి వుండాలి, లేదా మోటారు నీళ్ళు సరిగా ఎక్కించి వుండకూడదు, లేదా రాత్రి ఎవరో కొళాయి తిప్పి వదిలేసి వుండాలి. కొత్త తొట్టి కొంటే మొదటిది ఒక్కటే తీరుతుంది.

ఇది తేల్చడానికి ఒక మల్టీమీటరు చాలు. నాలుగైదు వందల రూపాయలకు దొరుకుతుంది. డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర కడ్డీ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించాలి. క్లాంపు మీద కాదు, బ్యాటరీ సీసం మొన మీదనే ఆనించాలి. రెంటికీ తేడా ఏమిటో తరువాత తెలుస్తుంది.

మొదటి కొలత తెల్లవారుజామున, బండి స్టార్టు చేయకముందు. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా వుంటే 12.6 లేదా 12.7 చూపుతుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. అంతకు తక్కువ అయితే ఖాళీ కిందే లెక్క. 10.5 దగ్గర ఆగిపోయి, ఛార్జింగు పెట్టినా పైకి రాకపోతే ఆరు సెల్లులలో ఒకటి చచ్చిపోయి వుండవచ్చు. బండి నడిచి ఆగిన వెంటనే కొలిస్తే అబద్ధపు అంకె వస్తుంది, పైపైన నిలిచిన ఛార్జి అది. అప్పుడే చూడక తప్పకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, కొంతసేపు ఆగి చూడండి.

మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఇంకా మంచి సాక్షి. కార్యదర్శులకు దీన్ని వేరుగా నేర్పనక్కరలేదు, ఇది లాక్టోమీటరుకు తమ్ముడు. మంచి పాలలో లాక్టోమీటరు 28కి పైన తేలితే సాంద్రత 1.028 అంటాం కదా. నిండు బ్యాటరీ యాసిడ్‌లో ఇది సుమారు 1.265 దగ్గర తేలుతుంది, సగం దిగిన దానిలో 1.190 దగ్గర. మన వంటి ఎండ ప్రాంతాలకు కొన్ని కంపెనీలు 1.240 దగ్గరే నింపి ఇస్తాయి గనుక కార్డు చదువుకోవాలి. లాక్టోమీటరుకు వున్నట్టే దీనికీ వేడి సవరణ వుంది. ప్లంజరుతో కలపకుండా పాల శాంపిలు తీస్తే ఏమవుతుందో, బ్యాటరీలో నీళ్ళు పోసిన వెంటనే హైడ్రోమీటరు పెడితే అదే అవుతుంది. పోసిన నీళ్ళు పైనే వుంటాయి. ఒక సెల్లుకూ ఇంకొక సెల్లుకూ 0.050 కంటె ఎక్కువ తేడా వస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. అప్పుడు కొత్తది కొనండి, నేను అభ్యంతరం రాయను.

రెండో కొలత సెల్ఫు కొడుతున్నప్పుడు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. నిండు బ్యాటరీ 9.6 వోల్టులకు కిందికి పడకూడదు. 12.6 చూపిన బ్యాటరీ సెల్ఫు కొట్టగానే 7కో 8కో పడిపోతే దానిలో సత్తువ లేదు. పడకుండా 11 దగ్గరే నిలిచినా సెల్ఫు తిరగలేదనుకోండి, బ్యాటరీ నిర్దోషి. క్లాంపులు, ఎర్త్ వైరు, సెల్ఫు మోటారు చూడాలి. సీసం మొన మీద పెట్టమని ఇందాక చెప్పింది ఇందుకే. మొన మీద 12 వుండి, క్లాంపు మీద సెల్ఫు కొట్టేటప్పుడు 8 వుంటే, రెంటి మధ్య పట్టిన తెల్ల బూజే దొంగ. వేడినీళ్ళు, వంటసోడా, ఒక పాత బ్రష్షు, అంతే ఖర్చు.

మూడో కొలత ఇంజను నడుస్తుండగా. ఇదే ముఖ్యం, దీన్నే ఎక్కువమంది సగం చేసి వదిలేస్తారు. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి పట్టి చూస్తే బ్యాటరీ మొనల మీద 13.8 నుంచి 14.5 వరకు రావాలి. 13.2కు తగ్గితే సరిగా నిండడం లేదు. 14.8 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నది, నీళ్ళు మాటిమాటికీ తగ్గిపోతాయి. ఇంతవరకూ అందరూ చూస్తారు. తరువాత హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను, వెనుక లైటు అన్నీ వేసి మళ్ళీ చూడాలి. అప్పుడు కూడా 13.5కు పైన నిలవాలి.

అన్నీ వేసి చూడమని ఎందుకు అంటున్నానో ఇప్పుడు నా తప్పు సంగతి చెబితే తెలుస్తుంది.

2018లో నేను ఒక సంఘం లెక్కలు చూస్తున్నాను. పేరు చెప్పను. సొంత వాహనం వున్న సంఘం. 14 నెలలలో మూడు బ్యాటరీలు కొన్నారు. ఇది చూసి నాకు కోపం వచ్చింది. “డ్రైవరు నిర్లక్ష్యం వల్ల సంఘానికి నష్టం, రాబట్టవలెను” అని అభ్యంతరం రాసినాను. పాలకవర్గం తీర్మానం చేసి ఆయన జీతంలో నెలనెలా కోయడం మొదలుపెట్టింది. ఆయన నా దగ్గరికి వచ్చి, “సార్, బ్యాటరీలో ఏం తప్పు లేదు, ఎక్కడో కరెంటు పోతాంది. పగలు మెకానిక్కు సూపిస్తే బాగుందంటాడు, తెల్లారి లైట్లేసుకుని పోతే దిగిపోతాంది” అన్నాడు. సాకు చెబుతున్నాడనుకున్నాను. ఆయన చెప్పిన రెండో వాక్యంలోనే జవాబంతా వుంది. డిప్లమా చదివినవాణ్ణి, వినలేదు.

ఆ మే నెలలో క్యాన్ల తనిఖీకని నేను ఆ వాహనంలోనే రూటుకు పోయినాను. నాలుగున్నరకు బయలుదేరినాం. నాలుగో వూరిలో క్యాన్లు ఎక్కించి సెల్ఫు కొడితే టక్కుమని ఒక్క శబ్దం. పదకొండు క్యాన్లు పైన వున్నాయి. తోద్దామంటే మడుగు, ఎత్తు. ట్రాక్టరు తెచ్చి లాగేసరికి ఎండ ఎక్కింది. కూలరు దగ్గర ఆరు క్యాన్లు విరిగినాయి. పాలు పోసినవాళ్ళు సంఘం అరుగు మీదికి వచ్చి అడిగితే డ్రైవరు తల వంచుకుని నిలబడినాడు. వాళ్ళెవరూ నన్ను అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఒక మోటారు వైండింగు షాపులో మీటరు అడిగి తెచ్చినాను. లైట్లు లేకుండా చూస్తే బ్యాటరీ మీద 13.6 వచ్చింది. మెకానిక్కు పగలు చూసి బాగుందన్నది ఇదే. లైట్లన్నీ వేసినాను, 12.9కి దిగింది. ఆల్టర్నేటరు చెడిందనుకుని దాని బి ప్లస్ బోల్టు మీద కడ్డీ పెడితే అక్కడ 14.2 వుంది. మోటారు నీళ్ళు ఎక్కిస్తూనే వుంది, తొట్టికి చేరడం లేదు. 1.3 వోల్టులు దారిలో పోతున్నాయి.

ఏ దారిలో? దీనికి పరీక్ష చాలా సులువు. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ వుండగా మీటరు ఒక కడ్డీ ఆల్టర్నేటరు బి ప్లస్ మీద, ఇంకొకటి బ్యాటరీ ప్లస్ మొన మీద పెట్టాలి. దారి బాగుంటే 0.3 లోపల వుండాలి. అక్కడ 1.2 వచ్చింది. తరువాత ఆల్టర్నేటరు ఒంటి మీద ఒకటి, బ్యాటరీ మైనస్ మొన మీద ఒకటి పెడితే 0.1 వచ్చింది. 0.2 లోపల వుంటే ఎర్త్ బాగున్నట్టే. గనుక దోషం ప్లస్ వైరులోనే. చేతితో తడుముకుంటూ పోతే ఒకచోట చెయ్యి కాలింది. ఛార్జింగు వైరును మధ్యలో కోసి, ఇంకొక వైరు కలిపి, మెలివేసి, టేపు చుట్టి వున్నారు. టేపు కరిగి రాగి నల్లబడింది. ఎక్కువ కరెంటు పోయినప్పుడే ఆ జాయింటు వేడెక్కి అడ్డం పడుతున్నది. సెల్ఫుకు పోయే లావు కేబులు వేరు గనుక కొత్త బ్యాటరీ వేసిన కొన్నాళ్ళు సెల్ఫు బాగానే తిరిగింది. సగం ఆకలితో నడిచిన బ్యాటరీ ప్లేట్లకు తెల్లగా సల్ఫేటు పట్టి మూడు నాలుగు నెలలకు చచ్చింది. ఒకటి కాదు, మూడు చచ్చినాయి.

ఇంతకూ ఆ జాయింటు ఎప్పుడు పడింది? చీకట్లో క్యాన్లు కనబడడానికి వాహనం వెనుక లైటు పెట్టించినప్పుడు. ఆ కూలీ వోచరు అదే ఫైలులో వుంది. మొదటి బ్యాటరీ బిల్లుకు నాలుగు నెలల ముందు తేదీ. దాని మీద పచ్చ సిరాతో టిక్కు పెట్టింది నేనే. రెండు వోచర్లనూ పక్కపక్కన పెట్టి చూసి వుంటే ఆ రోజే అనుమానం రావలసింది.

అడుగున్నర కొత్త వైరు, రెండు లగ్గులు, కూలీతో సహా 180 రూపాయలతో బాగైంది. లైటుకు వేరే ఫ్యూజు పెట్టి బ్యాటరీ దగ్గర నుంచి వేరే వైరు లాగించినాను. నా అభ్యంతరాన్ని నేనే సవరించి రాసినాను. సంఘం కోసిన జీతం తిరిగి ఇచ్చింది. అయితే ఆ నెలల్లో ఆయన కూతురి కాలేజీ ఫీజుకు వడ్డీకి తెచ్చుకున్నాడని తరువాత తెలిసింది. ఆ వడ్డీని ఏ పద్దు కింద చూపాలో నాకు తెలిసిన ఏ నిబంధనలోనూ లేదు.

ఇక మిగిలిన సంగతులు త్వరగా చెబుతాను.

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రని బ్యాటరీ గుర్తు వెలగాలి, ఇంజను స్టార్టయితే ఆరిపోవాలి. మొదలే వెలగకపోతే “దీపం పోయింది, బండి నడుస్తుంది కదా” అని వదిలేయకండి. చాలా వాహనాలలో ఆ దీపం గుండా పోయే కొద్ది కరెంటుతోనే ఆల్టర్నేటరు మేలుకుంటుంది. నడుస్తుండగా మసకగా వెలుగుతూ వుంటే లోపల డయోడు పోయిందేమో చూపించండి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మి.మీ. మించి దిగకూడదు. పొద్దున స్టార్టు చేయగానే కీచుమంటే, లోపలి అంచు అద్దంలా మెరుస్తుంటే అది జారుతున్నది. తానే బిగుసుకునే బెల్టు వున్న కొత్త వాహనాలలో ఈ నొక్కుడు లెక్క పనికిరాదు.

ఒక పాత అలవాటును గురించి గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగుందనే పరీక్ష మన మెకానిక్కులలో ఇంకా వుంది. నిజంగా డైనమోలు, కటౌటు డబ్బాలు వున్న పాత జీపుల రోజుల్లో అది చెల్లింది. నేను చదువుకునేటప్పుడు మా వర్కుషాపులోనూ అట్లాగే చూపించినారు. ఆల్టర్నేటరు వున్న బండిలో అట్లా చేస్తే వోల్టేజి ఒక్కసారి పదుల వోల్టులకు ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు పోతాయి. ఇప్పటి డీజిలు వాహనాలలో ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టె కూడా పోతుంది. దాని ఖరీదు అడిగినవారికి మళ్ళీ క్లాంపు మీద చెయ్యి వేయబుద్ధి కాదు. మీ కళ్ళ ముందు ఎవరైనా అట్లా చేయబోతే, పెద్దవాడైనా సరే, ఆపండి.

రాత్రి తిప్పి వదిలిన కొళాయి సంగతి. అన్నీ ఆర్పి, తాళం తీసి, తలుపులు వేసి అరగంట ఆగండి. మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మైనస్ క్లాంపు తీసి, క్లాంపుకూ మొనకూ మధ్య కలపండి. 0.05 ఆంపియరు లోపల వుండాలి. అర ఆంపియరు పోతుంటే 14 గంటలకు 7 ఆంపియర్ అవర్లు, నాలుగు రోజులు నిలిపితే చిన్న బ్యాటరీలో సగానికి మించి ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిందో అక్కడ దొంగ దొరుకుతాడు. మీటరు ఇట్లా కలిపి వున్నప్పుడు సెల్ఫు కొట్టవద్దు, మీటరు కాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు తూకం యంత్రానికి, మిల్క్ ఎనలైజరుకు వాహనం బ్యాటరీ నుంచి క్లిప్పులు లాగే కార్యదర్శులు ఈ సభలో కూడా వున్నారు. పేర్లు చెప్పను. కేంద్రానికి వేరే బ్యాటరీ పెట్టుకోండి.

ట్యాంకర్లు నడిపేవారికి ఒక్క మాట. వాటిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వుంటాయి. అంకెలన్నీ రెట్టింపు చేసుకోండి, ఛార్జింగు సుమారు 28 రావాలి. పాటల సెట్టు కోసం ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగితే అది దిగిపోతుంది, రెండోది మితిమీరి ఛార్జి అవుతుంది, రెండూ పోతాయి. ఇంకొకటి, ఇటీవలి కొన్ని వాహనాలలో కంప్యూటరే ఆల్టర్నేటరును తగ్గించి పెంచుతుంది. వాటిలో ఒకసారి 13కు తక్కువ కనబడినంత మాత్రాన దోషమని తీర్పు చెప్పకండి. లైట్లు వేసి, కొంతసేపు చూసి, కంపెనీ పుస్తకం చదివి చెప్పండి.

చలికాలం పొద్దున సెల్ఫు తిరగకపోతే బ్యాటరీని చలి చంపిందనుకుంటాం. నిజానికి దాన్ని అంతకుముందు ఎండాకాలమే తినేసి వుంటుంది. వేడికి నీళ్ళు ఆవిరవుతాయి, లోపలి సీసం త్వరగా కొరుకుడు పడుతుంది. గనుక మార్చి నుంచి జూన్ వరకు పది రోజులకొకసారి మూతలు తీసి చూడాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోర్ల నీళ్ళలో ఎంత ఉప్పు వుందో టీ గిన్నె అడుగు చూస్తేనే తెలుస్తుంది, అవి పోయవద్దు. యాసిడ్ అసలే పోయవద్దు. ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది, బీడీ దూరంగా వుండాలి. క్లాంపులు తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. కంట్లో చుక్క పడితే చాలాసేపు నీళ్ళతో కడిగి, ఆసుపత్రికి పోవాలి.

ఇక నా శాఖ మాట. ఇకమీదట బ్యాటరీ వోచరుతో పాటు ఈ మూడు కొలతలు రాసిన కాగితం జతచేయవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాను. విశ్రాంతిలో ఎంత, సెల్ఫులో ఎంత, లైట్లు వేసి ఛార్జింగులో ఎంత, డ్రైవరు సంతకం, తేదీ. అంగడిలో ఇచ్చేసిన పాత బ్యాటరీకి సీసం విలువ వుంటుంది, దాన్ని బిల్లులో తగ్గించి చూపాలి. ఎక్కువ వోచర్లలో ఆ తగ్గింపు కనబడదు, అది ఎవరి జేబులోకి పోయిందో అడగవలసి వస్తుంది. వారంటీ కార్డు డ్రైవరు ఇంట్లో కాదు, సంఘం బీరువాలో వుండాలి. వాహనానికి కొత్తగా లైటు గాని, హారను గాని, ఇంకేదైనా గాని పెట్టిస్తే ఏ వైరు నుంచి తీసుకున్నారో లాగ్ పుస్తకంలో ఒక వాక్యం రాయండి.

బయట చెట్టు కింద ఒక వాహనం నిలిపి వుంచినాము. రాత్రి నుంచి స్టార్టు చేయలేదు. మీటర్లు రెండు తెచ్చినాను. కార్యదర్శులు మీటరు పట్టుకోవాలి, డ్రైవర్లు తాళం తిప్పాలి. ఆ తరువాత ఇద్దరూ చోటు మార్చుకోవాలి. ప్రశ్నలు అక్కడే అడగండి, పోదాం పదండి.